ఏడో షరతు

లాల్‌దర్వాజా, హైదరాబాదు
4 జూన్ 1979

అన్నకు చెల్లె నీలమ్మ దండాలు. అక్కడ నువ్వూ వదినా బాగున్నారనుకుంటాను. ఇక్కడ మొన్న మొదటి వాన పడింది. ఆ వాన సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మన ఇంటి వెనక, ఎగువన ఉన్న ఖాళీ జాగాను పప్పుల సేటు వెంకటనారాయణ రెండేళ్ళ కింద కొన్నాడు కదా. ఇప్పుడక్కడ మూడంతస్తులు లేపుతున్నాడు. కింద నేలలో గోదాము కావాలట. నెల రోజులుగా తవ్వుతున్నారు, గుంత ఇద్దరు మనుషుల లోతు పోయింది. తవ్విన మట్టినంతా తెచ్చి మన వెనక గోడకు ఆనించి పోస్తున్నారు. గోడ అవతల ఇప్పుడు ఒక చిన్న గుట్ట లేచింది. సక్కుబాయి గదిలో కిటికీ తెరిస్తే ఆకాశం కనబడేది, ఇప్పుడు మట్టి కనబడుతోంది.

సక్కుబాయి నీకు గుర్తే కదా, అమ్మవారి గుడి ముందు పూలమ్ముతుంది. బాపు ఉన్నప్పటినుంచీ ఆ వెనక గదిలో కిరాయికి ఉంటోంది. మొన్న వాన పడ్డప్పుడు ఆ గుట్ట మీంచి ఎర్రనీళ్ళు జారి గల్లీ నిండా బురద. మోరీ నిండిపోయి నీళ్ళు మన గడప దాకా వచ్చాయి. సక్కుబాయి పూలబుట్ట నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ దాకా బురదలో నడుస్తూ, "నీలమ్మా, వాన జరసేపే పడ్డది. బోనాల నెలల ఎట్లనే?" అంది.

నువ్వు ఇరవై ఏళ్ళుగా ప్రాజెక్టులో మట్టిపని చేయిస్తున్నావు. మట్టి సంగతి, నీళ్ళ సంగతి నీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు మన ఇంట్లో లేరు. ఏం చెయ్యమంటావో రాయి. ఇల్లు నాకెంతో నీకూ అంతే కదా.

మీ బావ బాగున్నాడు. బస్సు డిపోలో పగటి డ్యూటీ వేశారు.

నీ చెల్లె
నీలమ్మ


సున్నిపెంట, శ్రీశైలం ప్రాజెక్టు
10 జూన్ 1979

చెల్లె నీలమ్మను అన్న అంజన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ వదినకు మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. ఇక్కడ కొండ కోసిన చోట వానకు ముందే రాళ్ళు పేర్చే పని నడుస్తోంది, నాకు పొద్దున ఆరింటినుంచి తీరిక లేదు. మొన్న ఒకచోట ముందురోజు పోసిన మట్టి తెల్లారేసరికి రోడ్డు మీద ఉంది. మా ఇంజనీరు నన్ను పిలిచి నాలుగు మాటలన్నాడు. మట్టి మాట వినదు, మనమే దాని మాట వినాలి.

గల్లీలోకి వచ్చే బురదకు అంత ఫికర్ పడకు. మోరీకి ముందు ఒక గుంత తీయించి, దాని ముందు రెండు వరసలు రాళ్ళు పెట్టమని అక్కడి మేస్త్రీకి చెప్పు. బురద గుంతలో నిలుస్తుంది, నీళ్ళు మోరీలోకి పోతాయి. గుట్ట మీద తాటాకో పాత గోనెపట్టలో కప్పితే మట్టి కొట్టుకుపోదు.

సేటుతో మాత్రం లొల్లి పెట్టుకోవద్దు. వెంకటనారాయణ మాట మీద నిలబడే మనిషి. వానలు ముదిరేలోపు ఆయనే రాతి అడ్డుగోడ కట్టిస్తాడు. నువ్వు ఆఫీసులో ఉద్యోగం చేసుకునేదానివి, గల్లీలో నిలబడి అరిస్తే బాగుండదు.

బావను అడిగానని చెప్పు.

అంజన్న


లాల్‌దర్వాజా
18 జూన్ 1979

అన్నా,

నువ్వు చెప్పినట్టే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు మైసయ్య, పెద్దమనిషి. గుంత తీయిస్తానన్నాడు, తీయించాడు కూడా. అయితే నేను ఊరికే రాలేదు. అనుమతి కాగితం చూపించమన్నాను.

నేను మున్సిపల్ ఆఫీసులో పనిచేసేది ఇల్లు కట్టడానికి అనుమతులిచ్చే సెక్షన్‌లోనే కదా. ఆ కాగితం వెనక తొమ్మిది షరతులుంటాయి, రోజుకు పది పదిహేనుసార్లు టైపు చేస్తాను, నిద్రలో అడిగినా చెప్తాను. అందులో ఏడోది ఇది: తవ్విన మట్టిని పక్కవాళ్ళ గోడకు ఆనించి పోయకూడదు. దిగువన ఇల్లుంటే తవ్వకం మొదలుపెట్టకముందే రాతి అడ్డుగోడ కట్టాలి. వాననీళ్ళు పక్కకు పోవడానికి కాలువ తీయాలి.

సైటు దగ్గర రేకు మీద అంటించిన కాగితంలో షరతులు ఎనిమిదే ఉన్నాయి. ఏడోది లేదు. ఎనిమిదోదాన్ని ఏడుగా, తొమ్మిదోదాన్ని ఎనిమిదిగా మార్చి వరస కలిపారు.

మైసయ్యను అడిగాను. "నాకు సదువు రాదమ్మా. సేటు తగిలియ్యిమన్నడు, తగిలిచ్చిన. గోడ పక్కన మట్టి పొయ్యొచ్చా అని నేను గూడ అడిగిన. పక్కింటోళ్ళు ఒప్పుకున్నరు, కాగితముంది అన్నడు" అన్నాడు.

"పక్కింటోళ్ళమంటే మేమే గద. ఎవరు ఒప్పుకున్నరు?"

"నాకేమెరుక తల్లీ. మీ ఇంట్లనే అడుగుండ్రి."

అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. మీ బావ సాయంత్రాలు సేటు లెక్కలు రాసే మునీముతో కలిసి చౌరస్తా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటాడు. ఆయన్ని అడిగితే, మట్టి తీయించమనే చెప్తున్నానంటాడు.

ఇంకో మాట. వెంకటనారాయణ మాట మీద నిలబడే మనిషని నీకెలా తెలుసు? ఆయన మన గల్లీకి వచ్చి రెండేళ్ళు. నువ్వు ఊరొదిలి ఇరవై ఏళ్ళు.

నీలమ్మ


సున్నిపెంట
25 జూన్ 1979

చెల్లె నీలమ్మకు,

శ్రీశైలానికి హైదరాబాదు వ్యాపారులు ఎంతమంది దర్శనానికి రారు? నలుగురూ నాలుగు మాటలు చెప్పుకుంటారు. అలా విన్నాను. దానికింత ఆరా ఎందుకు?

నువ్వు రాసిందాంట్లో నాకు అర్థంకానిది వేరే ఉంది. బావ సేటు మునీముతో చాయ్ ఎందుకు తాగుతున్నాడు? లక్ష్మయ్య బావ మంచివాడే, కాదనను. మంచివాడు గనకే నలుగురూ భుజం మీద చెయ్యేసి ఏదైనా చేయించుకుంటారు. పక్కింటివాళ్ళు ఒప్పుకున్నారని సేటు అంటే, ఆ ఇంట్లో కనబడే మగమనిషిని చూసే అని ఉంటాడు. మెల్లగా అడిగి చూడు.

అట్లాగే మీ ఆఫీసు కాగితాల్లో కింద ఎడమ మూల టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. మా ప్రాజెక్టు కాగితాల్లోనూ ఉంటాయి. సేటు కాగితం మీద ఎవరివున్నాయో చూశావా? ఆ షరతు తీసేసిన చెయ్యి ఎవరిదో అక్కడే తెలుస్తుంది. నీ ఉత్తరంలో అన్నీ రాశావు, అది రాయలేదు.

మీ వదినకు కర్నూలు డాక్టరు మందు మార్చాడు.

అంజన్న


లాల్‌దర్వాజా
5 జూలై 1979

అన్నా,

నీ ఉత్తరం చదివి మీ బావను అడిగాను. మెల్లగా అడగమన్నావు, నాకు మెల్లగా అడగడం చేతకాలేదు. నువ్వు రాసింది కూడా చదివి వినిపించాను.

అన్నం ముందు నుంచి లేచాడు. "నీ అన్న రాసిండని నన్నడుగుతున్నవా? పన్నెండేండ్లాయె, ఈ ఇంట్ల నేను ఇల్లరికపోని లెక్కనే ఉన్న. ఒక మేకు కొట్టాలన్నా నిన్నడిగే కొడుతున్న. నా సంతకం ఎవనికి కావాలె? కాగితం మీద నా పేరేడుంది?" అన్నాడు. అంతే. ఆరు రోజులుగా డిపో నుంచి వచ్చి ముభావంగా తిని పడుకుంటున్నాడు. మాటల్లేవు.

ఆయన అన్నదాన్ని పనిలో పడి కూడా తలుచుకుంటూనే ఉన్నాను. నిజమే కదా. బాపు ఇల్లు ఇద్దరికీ సగం సగం రాశాడు. ఈ ఇంటి తరఫున సంతకం పెట్టగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు నేను. నేను పెట్టలేదు.

నిన్న సేటు గల్లీలో ఎదురైతే నేనే ఆపాను. ఆయన చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "అమ్మా, నేను అడగకుండ ఏ పనీ చెయ్యను. అడగవలసినోళ్ళనే అడిగిన. మీ ఇంటి మాట మీరు మీరు మాట్లాడుకోండ్రి, నన్ను నడిమిట్ల పెట్టకుండ్రి" అని వెళ్ళిపోయాడు.

అడగవలసినవాళ్ళు ఎవరన్నా?

వెనక గోడ మీద వెంట్రుక మందం పగులొచ్చింది. కింద తడి. అది బాపు తాత మట్టితో కట్టిన రాతిగోడ, నీకు తెలుసు. మా సెక్షన్ సారుకు అర్జీ ఇచ్చాను. "చూద్దాంలే" అని సొరుగులో పెట్టుకున్నాడు.

నీలమ్మ


సున్నిపెంట
11 జూలై 1979

నీలమ్మకు,

నన్ను నిలదీసేంత పెద్దదానివయ్యావు. సంతోషం. ఇంటికి పెద్దవాణ్ణి నేను. బాపు పోయిన తర్వాత ఆ ఇంటి మంచీ చెడూ చూడవలసింది నేనే, దూరంలో ఉన్నా. నువ్వు అడిగే పద్ధతి బాగాలేదు.

నేనడిగిన ఒక్క ప్రశ్నకు నువ్వు జవాబివ్వలేదు. పొడి అక్షరాలు ఎవరివి? ఆ సెక్షన్‌లో టైపు చేసేవాళ్ళు ముగ్గురేనని నువ్వే ఒకసారి చెప్పావు. ఇంకో ఇద్దరివైతే ఈపాటికి పేర్లు రాసేదానివి. నీవే అయితే నావేనని చెప్పు. ఒకరి మీద వేలు చూపేముందు తన చేతులు చూసుకోవాలి.

అదట్లా ఉండనీ. గోడ కింద తడి ఉందన్నావు. పగులు అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా రాయలేదు. ఎట్లున్నా సరే, ఈ ఉత్తరం అందిన రోజే సక్కుబాయిని ఆ గది ఖాళీ చేయించు. సామాను తర్వాత చూసుకోవచ్చు. మనిషిని ముందుగదిలో పడుకోబెట్టు. నానిన మట్టి ఎండిన మట్టిలా ఉండదు, దాని బరువు వేరు. ఆ గోడ దానికి ఆగదు. ఈ మాట మాత్రం కోపంతో రాయడం లేదు.

అంజన్న


లాల్‌దర్వాజా
26 జూలై 1979

అన్నా,

నీ పదకొండో తారీకు ఉత్తరం నాకు పద్దెనిమిదిన అందింది. గోడ పదిహేడున పడింది.

మంగళవారం. మధ్యాహ్నం రెండింటికి మొదలైన వాన నాలుగు దాకా తెరిపివ్వలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. సక్కుబాయికి బోనాల గిరాకీ, బజారు నుంచి బంతిపూలు రెండు గోనెల నిండా తెచ్చుకుని గదిలో కూర్చుని దండలు కడుతోంది. గోడ ఒక్కసారిగా పడలేదట. కింద రెండు రాళ్ళు ముందుకొచ్చాయట. అవేమిటా అని వంగి చూసిందట. అంతలో మొత్తం లోపలికి వచ్చింది.

మైసయ్యే తన మనుషులతో గల్లీ చుట్టూ ఉరికి వచ్చాడు. మీ బావ ఆరోజు వీక్లీ ఆఫ్, ఇంట్లోనే ఉన్నాడు. చేతులతోనే బురద తీశారు, పార వేస్తే ఆమెకు తగులుతుందని. నేను వచ్చేసరికి మంచం మీద వేసి పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు. ఒళ్ళంతా ఎర్రమట్టి, జుట్టులో బంతిపూలు. నన్ను చూసి, "నా పూలు జర ఎవరికన్నా ఇయ్యే, ఖరాబైతయ్" అంది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి భయంలేదన్నారు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే గడప దగ్గర నీ ఉత్తరం పడి ఉంది. గోడ ఆగదని రాసి ఉంది. నిలబడే చదివాను. ఇరవై ఏళ్ళ అనుభవంతో రాశాడని ఒక పక్క, ఏదో తెలిసి భయపడి రాశాడని ఇంకో పక్క అనిపించింది.

మొన్న ఇరవై నాలుగున రికార్డు గదిలో రామలింగయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన రిటైరవడానికి నాలుగు నెలలుంది. "సూసి ఇచ్చెయ్ బిడ్డా, నా పేరు తియ్యకు" అని సేటు ఫైలు తీసిచ్చాడు. పదకొండో కాగితం. "మా ఇంటి వెనక గోడను ఆనుకుని మట్టి పోసుకొనుటకు మాకు ఎట్టి అభ్యంతరము లేదు." కింద సంతకం నీది. అంజన్నలో న కింద ఒత్తును నువ్వు గొలుసులా లాగుతావు, చిన్నప్పుడు పలక మీద కూడా అంతే. తేదీ పోయిన కార్తీకమాసం. కాగితం మీద నువ్వొక్కడివే యజమానివి. నా పేరు లేదు.

అంటే నేను మొదటి ఉత్తరం రాసినప్పుడే నీకు తెలుసు. మీ బావ మీద అనుమానం పెట్టినప్పుడూ తెలుసు. నేను అనుమానించిన ఆ మనిషే ఆరోజు చేతులు రక్తం కారేలా బురద తీశాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. పొడి అక్షరాలు నావే. సైటు దగ్గర కాగితం చూసినరోజే చూశాను, నీకు రాయలేదు. ఆ చిత్తు నా దగ్గరికి వచ్చినప్పుడు ఏడో షరతు మీద ఎర్రసిరాతో గీత ఉంది. సారును అడిగాను. "పక్కోళ్ళ ఒప్పందం ఉందమ్మా, కొట్టు" అన్నాడు. ఆ పక్కవాళ్ళెవరో పేజీ తిప్పితే ఉంది. తిప్పలేదు. పైన సర్వే నంబరే ఉంది, మన గల్లీదని తట్టలేదు. ఎవరో పక్కవాళ్ళు, వాళ్ళ గోడ వాళ్ళిష్టం అనుకుని టైపు కొట్టాను. ఆరోజు ఇంకా తొమ్మిది కాగితాలున్నాయి.

నేను ఎందుకు దాచానో నాకు తెలుసు. నువ్వెందుకు దాచావో రాయి.

నీలమ్మ


సున్నిపెంట
2 ఆగస్టు 1979

చెల్లె నీలమ్మకు,

నీ ఉత్తరం మీ వదిన చదివింది. నేను ఇంట్లో లేనప్పుడు వచ్చింది. నేను వచ్చేసరికి నా చేతికిచ్చి, అన్నం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పోయిన కార్తీకంలో వెంకటనారాయణ కుటుంబంతో శ్రీశైలం వచ్చాడు. లాల్‌దర్వాజా మనిషి ఇక్కడ ఉన్నాడని ఎవరో చెప్తే మా క్వార్టర్స్ వెతుక్కుంటూ వచ్చాడు. జీపు మాట్లాడి డ్యామ్ పని చూపించాను. ఇంజనీర్లు మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. సాయంత్రం సత్రంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కింద చాప మీద కూర్చున్నాడు. ఇక్కడ నన్ను ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టరు నీలమ్మా. ఇరవై ఏళ్ళుగా ఎండలో నిలబడే ఉన్నాను.

అప్పుడు కాగితం తీశాడు. "అన్నా, మీ ఇంటికి పెద్ద మీరే. మట్టి పోసుకునేటందుకు జర జాగ కావాలె. రెండు నెలల్ల తీసేస్త. ముందుగాల రాతిగోడ కట్టే పోస్త, మీకు మట్టి గురించి నేను చెప్పాల్నా" అన్నాడు. రాతిగోడ మాట కాగితంలో రాయమని అడగాలి. అడగలేదు. చెల్లెకు కూడా సగం ఉందని చెప్పాలి. ఇంటికి పెద్ద మీరే అన్న తర్వాత ఆ మాట నా నోట రాలేదు. సంతకం పెట్టాను.

నువ్వు మొదటి ఉత్తరంలో మట్టి గోడకు ఆనించి పోస్తున్నారని రాయగానే ఆయన మాట తప్పాడని తెలిసింది. అప్పుడే చెప్పి ఉంటే గోడ అట్లాగే ఉండేది. వానలు ముదిరేలోపు కడతాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నువ్వు దగ్గరికొచ్చేకొద్దీ భయమేసింది, బావ పేరు రాశాను. నీ పొడి అక్షరాలు అడిగాను, నీ దగ్గర కూడా ఏదైనా తప్పు ఉంటే బాగుండునని. ఉంది. అది చదివి నాకు సంతోషం కలగలేదు.

నీకొక్కదానికి చెప్పుకుంటే తీరేది కాదిది. మీ ఆఫీసు విచారణ పెడితే తేదీ తెలియజెయ్యి. వస్తాను.

అంజన్న


లాల్‌దర్వాజా
30 ఆగస్టు 1979

అన్నా,

విచారణ అయిన సాయంత్రమే అఫ్జల్‌గంజ్ పోయి బస్సెక్కావు. ఇంటికి రాలేదు. గల్లీ మొదట్లో నిలబడి చూసి వెళ్ళావని మైసయ్య చెప్పాడు.

విచారణ గదిలో జరిగింది నువ్వు సగమే చూశావు. నిన్ను పంపించేశాక సేటు లేచి, "ఇంటి పెద్దాయన ఒప్పుకున్నడు, ఆఫీసు ఒప్పుకున్నది. నేను రెండు కాగితాలు తెచ్చుకుని పని మొదలుపెట్టిన. ఇండ్ల నా తప్పేంది?" అన్నాడు. నువ్వు అంతకుముందే నిలబడి, "ఆ సంతకం నాదే సార్. నానిన మట్టి ఎంత బరువైతదో ఈ గదిల ఎవ్వరికన్నా నాకే ఎక్కువ ఎరుక. ఎరుకుండి పెట్టిన" అనకపోతే ఆయన మాటే నిలిచేది. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన నీ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. రాతిగోడ కడతానని సేటు నీతో అన్న సంగతి నువ్వు ఆయనకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఉంది. అవి దాచి పెట్టుకున్నాడు, మునీము చేతుల మీదుగా బయటికి వచ్చాయి. మునీముతో చాయ్ తాగి తాగి ఆ సంగతి కూపీ లాగింది మీ బావ.

నా వంతు కూడా అయింది. "టైపు చేసింది నేనే. గీత కొట్టింది చూసిన. పేజీ తిప్పలే" అని చెప్పాను. సారు నావైపు చూడలేదు. ఆయనకు మెమో ఇచ్చారు. నన్ను జనన మరణాల రిజిస్టరు సెక్షన్‌కు మార్చారు.

పని ఆపించారు. సేటు ముందు మట్టి ఎత్తించాలి, రాతి అడ్డుగోడ, కాలువ కట్టాలి, మన వెనక గది తిరిగి కట్టించాలి. అదయ్యాకే మిగతా పని. మైసయ్య నిన్న పునాదిరాళ్ళు దించాడు. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చి చదివించుకుంటున్నాడు.

సక్కుబాయి మన ముందుగదిలో ఉంది. కాలు ఒక అంగుళం పొట్టి అయింది. నువ్వు విచారణలో అన్న మాట చెప్పాను. "ఇంటికి ఎందుకు రాలె? నేనేమన్న కొడుతనా?" అంది.

మీ బావ నాతో మాట్లాడుతున్నాడు. నీ గురించి మాట్లాడటం లేదు.

నీలమ్మ


సున్నిపెంట
8 సెప్టెంబరు 1979

చెల్లె నీలమ్మకు,

దీంతో పాటు ఒక కాగితం పంపుతున్నాను. కర్నూలు వకీలు చేత రాయించాను. ఆ ఇంట్లో నా సగం నీకు వదిలేస్తున్నాను. సాక్షులుగా మా ఆఫీసువాళ్ళు ఇద్దరు సంతకాలు చేశారు. నువ్వు చెయ్యవలసిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. సంతకం చేసి రిజిస్ట్రీ చేయించుకో.

దీనివల్ల సక్కుబాయి కాలు పెరగదని తెలుసు. ఇంతకుమించి నాకు తోచలేదు. బావకు చెప్పే మొహం లేదు. నువ్వే చెప్పు.

ఉంటాను.

అంజన్న


లాల్‌దర్వాజా
19 సెప్టెంబరు 1979

అన్నా,

కాగితం అందింది. మూడుసార్లు చదివాను. వెనక పేజీ కూడా తిప్పి చదివాను, మొదటి పేజీలో లేనిది అక్కడేమైనా ఉందేమోనని. నువ్వు పంపావు గనక చదవకుండా పెట్టేయాలని ఒక్క నిమిషం కూడా అనిపించలేదు. దీనికి నువ్వు బాధపడతావు. పడు. నాకూ బాధగానే ఉంది.

మీ బావకు చూపించాను. ఆయన చదివి మడిచి, "పాపం, మస్తు పరేషాన్ల ఉన్నట్టున్నడు" అన్నాడు. మూడు నెలల్లో నీ గురించి ఆయన అన్న మొదటి మాట ఇది. కాగితం నా చేతికిచ్చి, "వాపస్ పంపియ్" అన్నాడు.

పంపుతున్నాను. సంతకం చెయ్యలేదు. ఆయన చెప్పాడని కాదు, నేనే అనుకున్నాను. ఇల్లంతా నా ఒక్కదాని పేరున ఉంటే, రేపు ఏ సేటో నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, అమ్మా ఇంటికి పెద్ద మీరే అంటే, నేనేం చేస్తానో నాకు తెలియదు. ఎర్రగీత చూసి కూడా పేజీ తిప్పనిదాన్ని. నీ మీద నమ్మకం పోయిందని కోపం వచ్చిన మాట నిజం. కానీ నా మీద నాకు మిగిలింది కూడా పెద్దగా లేదు. ఇద్దరి పేర్లూ ఉండనీ. నువ్వు పెట్టాలంటే నన్నడగాలి, నేను పెట్టాలంటే నిన్నడగాలి. ఒకరి మీద ఒకరికి అనుమానం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి ఏమీ కాదు.

వెనక గది పూర్తయింది. అవతల రాతి అడ్డుగోడ ఛాతీ ఎత్తు లేచింది. గోడలో నీళ్ళు పోవడానికి నాలుగు చోట్ల తూములు విడిచారు. మొన్న గట్టి వానే పడింది, నీళ్ళు కాలువలోంచి మోరీలోకి పోయాయి, గల్లీలోకి చుక్క రాలేదు. అందరూ బాగుందంటున్నారు. సేటు బాగుందన్నాడు, కొత్తగా వచ్చిన సారు బాగుందన్నాడు, మైసయ్య అమ్మవారి మీద ఒట్టేసి బాగుందన్నాడు.

సక్కుబాయి తన గదిలోకి పోతానని రోజూ పోరుతోంది. నేను పోనివ్వడం లేదు. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టుకుని, వదినను తీసుకుని రా. ఈసారి ఇంటికే రా. నువ్వు ఆ గోడ మీద చెయ్యి పెట్టి, తట్టి, కింద తవ్వి చూసి, ఆగుతుంది అంటేనే ఆమె మంచం లోపల వేయిస్తాను.

నీలమ్మ